బృహద్ధమని చీలితే: ఈ రాత్రికి ఎంత కుట్టాలి?

ఆపరేషన్ థియేటర్ బయట తెల్లవారేదాకా కూర్చున్న బంధువులు తలుపు తెరుచుకోగానే అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "చీలింది మొత్తం కుట్టేశారా, డాక్టర్ గారూ?" బృహద్ధమని డిసెక్షన్, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ పొరల మధ్య చీలడం. ఆ విషయంలో దీనికి నిజమైన జవాబు చాలాసార్లు "లేదు" అనే. గుండె మొదట్లో పుట్టిన చీలిక కడుపు దాటి తొడల దాకా పాకి ఉంటుంది. అందులో సర్జన్ తీసేసి గుడ్డ గొట్టం వేసేది బెత్తెడు, మహా అయితే జానెడు. మిగతాది చీలినది చీలినట్టే ఉంటుంది. అయినా రోగి బతుకుతాడు, నెల తిరిగేసరికి నడుచుకుంటూ చెకప్‌కి వస్తాడు. అంత తక్కువ చేసి ప్రాణం ఎలా నిలబెడుతున్నారు, ఇంకాస్త ఎక్కువ ఎందుకు చేయరు, ఏ రోగిలో ఆ ఎక్కువ తప్పదు? ఈ శస్త్రచికిత్సలోని కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది.

బృహద్ధమని గుండె ఎడమ గది నుంచి బయల్దేరే పెద్ద గొట్టం. మొదట పైకి లేచి, మెడ కింద గొడుగు పిడిలా వంగి, వెన్నెముక పక్కనుంచి కడుపులోకి దిగుతుంది. దాని గోడకు మూడు పొరలు. బలమంతా నడిమి పొరలోని సాగే పీచుది. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ వల్లో, పుట్టుకతో వచ్చిన లోపం వల్లో ఆ పీచు చివికిపోయాక ఒకరోజు లోపొరకు చిరుగు పడుతుంది. లైనింగ్ ఊడిన కోటు తొడుక్కుంటుంటే చెయ్యి లైనింగుకూ గుడ్డకూ మధ్యలోకి దూరిపోతుంది చూడండి, రక్తం అలాగే దూరుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇంకాస్త ముందుకు చొచ్చుకుపోతుంది. చూస్తుండగానే ఒకే గొట్టంలో రెండు దారులు ఏర్పడతాయి. ఒకటి అసలు దారి, రెండోది దొంగ దారి. దొంగ దారిలో దిగిన రక్తానికి బయటికి తోవ సరిగా ఉండదు కనుక అక్కడ ఒత్తిడి పెరిగి, పక్కనున్న అసలు దారిని నొక్కేస్తుంది.

ఇక ఏ అవయవానికి వెళ్లే కొమ్మ మూసుకుపోతే జబ్బు ఆ వేషంలో కనబడుతుంది. మెదడు కొమ్మ అయితే పక్షవాతం. కాలి కొమ్మ అయితే కాలు చల్లబడి, నాడి అందదు. గుండె కండరానికి వెళ్లే కొమ్మ అయితే ఈసీజీలో అచ్చం గుండెపోటు. పగటివేషగాడు కూడా దీని ముందు దిగదుడుపే. ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా, కత్తితో చీల్చినట్టు మొదలయ్యే నొప్పిని మన దగ్గర "గ్యాస్ పట్టేసింది" అని సోడా తాగించి పడుకోబెట్టడం కొత్తేమీ కాదు. దానికంటే ప్రమాదం మరొకటి ఉంది. గుండెపోటు అనుకుని రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, అప్పటికే కారుతున్న గోడ మీద నీళ్లు పోసినట్టే. గుండెపోటుకు ఆ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది, డిసెక్షన్‌కు అసలు పడకూడదు. అందుకే రెండు చేతులకూ బీపీ చూడటం అనే అర నిమిషం పని ఇంత విలువైనది. రెండింటికీ 20 పాయింట్లకు మించి తేడా ఉంటే సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) తీయకుండా ముందుకు వెళ్లకూడదు.

ఇది అరుదైన జబ్బే. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఏడాదికి లక్ష మందిలో 3 నుంచి 6 మందికి వస్తుంది. చరిత్రలో మొదట స్పష్టంగా నమోదైన రోగి ఒక రాజు. ఇంగ్లండ్ రాజు రెండో జార్జి 1760 అక్టోబర్ 25 ఉదయం మరుగుదొడ్డిలో కుప్పకూలాడు. శవపరీక్ష చేసిన రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్‌కు గుండె చుట్టూ ఉన్న సంచి నిండా గడ్డకట్టిన రక్తం, బృహద్ధమని లోపలి వైపు అంగుళంన్నర చిరుగు కనిపించాయి. ఆ తర్వాత దాదాపు 200 ఏళ్ల పాటు వైద్యులు దీనికి పేర్లు పెట్టగలిగారు, వర్ణించగలిగారు. బాగుచేయడం మాత్రం 1950ల్లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ బృందం పూనుకునేదాకా సాధ్యపడలేదు. డిబేకీ దగ్గర సిద్ధంగా తయారైన గొట్టాలు కూడా లేవు. బట్టల కొట్లో డాక్రాన్ గుడ్డ కొని, భార్య కుట్టుమిషన్ మీద తనే గొట్టాలు కుట్టుకున్నారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో మడతలు మడతలుగా నేసి, రక్తం కారకుండా పూత పూసిన గొట్టాలు వస్తున్నాయి. కానీ పదార్థం అదే డాక్రాన్, అంటే పాలిస్టర్.

చీలిక గుండెకు దగ్గరి భాగంలో, అంటే పైకి లేచే భాగంలో ఉంటే టైప్ ఏ. ఆ భాగాన్ని వదిలేసి కిందికి దిగే భాగానికే పరిమితమైతే టైప్ బీ. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సర్జన్లు చేసిన ఈ విభజన ఇంతగా నిలబడటానికి కారణం అది ఎవరికి కత్తి, ఎవరికి మందు అన్నది ఒక్క అక్షరంలో చెప్పేయడమే. ఐరాడ్ అనే అంతర్జాతీయ రిజిస్ట్రీ 2000లో వెల్లడించిన 464 మంది వివరాలు ఆ సంగతి సూటిగా చూపిస్తాయి. టైప్ ఏలో ఆపరేషన్ చేసినవారిలో 26 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు, చేయనివారిలో 58 శాతం. టైప్ బీలో లెక్క తిరగబడింది. మందులతో నెట్టుకొచ్చినవారిలో 11 శాతం, ఆపరేషన్ చేసినవారిలో 31 శాతం. ఈ పోలికలో ఒక మెలిక ఉంది. టైప్ బీలో కత్తి దాకా వెళ్లినవారు అప్పటికే పరిస్థితి విషమించినవారు. కనుక కత్తే చంపిందని అనుకోకూడదు. ఆ తర్వాత ఆపరేషన్ ఫలితాలు మెరుగయ్యాయి. మంచి కేంద్రాల్లో టైప్ ఏ మరణాలు 15 శాతం దగ్గరికి, కొన్నిచోట్ల ఇంకా కిందికి దిగాయి.

టైప్ ఏలో మొదటి రోజుల్లో చంపేవి ప్రధానంగా మూడు. చీలిన గోడ గుండె సంచిలోకి పగలడం, బృహద్ధమని కవాటం ఆనిక పోయి రక్తం గుండెలోకి వెనక్కి తిరగడం, గుండె సొంత రక్తనాళాలు మూసుకుపోవడం. మూడూ ఆ మొదటి బెత్తెడులోనే జరుగుతాయి. ఆ బెత్తెడు మార్చి, కింది చివరన రెండు పొరలనూ కలిపి కుట్టి, రక్తాన్ని మళ్లీ అసలు దారిలోకే మళ్లిస్తే చాలు, ప్రాణం నిలుస్తుంది. గండి పడిన కాలవలో ముందు తూము దగ్గర అడ్డుకట్ట వేస్తారు, కింద కోసుకుపోయిన గట్లు తర్వాత చూసుకుంటారు. ఇదీ అంతే.

చెప్పినంత తేలిక కాదు. మామూలు గుండె ఆపరేషన్‌లో రక్తనాళానికి క్లాంప్ బిగించి, దాని ఇవతల కుట్టుకుంటారు. చీలిన బృహద్ధమనికి క్లాంప్ బిగిస్తే ఆ నొక్కుడుకే కొత్త చిరుగు పడొచ్చు. క్లాంప్ లేకుండా తెరిచి కుట్టాలంటే ఒంట్లో రక్తప్రసరణ మొత్తం ఆపాలి. గుండె ఆగాలి, దాని పనీ ఊపిరితిత్తుల పనీ చేసిపెట్టే హార్ట్ లంగ్ మిషన్ కూడా ఆగాలి. అందుకోసం ముందే రోగి శరీరాన్ని మిషన్ ద్వారా చల్లబరుస్తారు. చల్లని మెదడుకు ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో రాండల్ గ్రీప్ 1975లో వంపు భాగం మార్పిడికి ఈ పద్ధతిని నిలబెట్టాడు. 18 డిగ్రీల దగ్గర సర్జన్ చేతిలో ఉండే భద్రమైన సమయం సుమారు అరగంట. ఆ తర్వాత గడిచే ప్రతి నిమిషానికీ రోగి లేచాక జ్ఞాపకమో మాటో మూల్యం చెల్లించాల్సి రావచ్చు.

ఆ టెన్షన్‌ను తగ్గించింది, మిగతా ఒళ్లంతా ఆగినా మెదడుకు మాత్రం విడిగా రక్తం పంపే ఏర్పాటు. సాధారణంగా కుడి భుజం కింది ధమనికి గొట్టం అమర్చి, అక్కడినుంచి మెడ కుడివైపు ధమనిలోకి, కిలో బరువుకు నిమిషానికి సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున చల్లని రక్తం పంపుతారు. 60 కిలోల మనిషికి నిమిషానికి ఆరేడు వందల మిల్లీలీటర్లు. నుదుటికి అంటించిన సెన్సర్లు రెండు వైపులా ఆక్సిజన్ ఎంత ఉందో చూపిస్తుంటాయి. ఎడమవైపు అంకె పడిపోతుంటే ఎడమ మెడ ధమనిలోకి రెండో గొట్టం. ఈ ఏర్పాటు వచ్చాక 18 దాకా చల్లబరచాల్సిన పని తగ్గి, చాలా చోట్ల 24 నుంచి 28 డిగ్రీల దగ్గరే ఆగుతున్నారు. వేడెక్కించే సమయం కలిసొస్తుంది, రక్తస్రావమూ తగ్గుతుంది.

ఇక కుట్టడం. డిసెక్షన్ అయిన గోడకు సూది వేయడమంటే నానిన అప్పడానికి కుట్టు వేయడమే. దారం కాస్త బిగిస్తే కోసుకుపోతుంది, కాస్త వదిలితే కారుతుంది. అందుకే గోడకు లోపలా బయటా టెఫ్లాన్ ఫెల్ట్ పట్టీలు పెట్టి, మధ్యలో పొరలను ఇరికించి కుడతారు. చివరి కుట్టు పడ్డాక కూడా ఒక గంట, రెండు గంటలు సూది రంధ్రాల్లోంచి చెమర్చే రక్తంతోనే పోరాటం. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎన్ని యూనిట్లు పోయాల్సి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. బ్లడ్ బ్యాంకు నిండుగా లేని ఊళ్లో ఎంత గొప్ప సర్జన్ ఉన్నా ఈ ఆపరేషన్ నడవదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గుండె వైపు ఎంత దూరం తీయాలి, కింది వైపు ఎంత దూరం వెళ్లాలి? గుండె వైపు మొదలు భాగం బాగానే ఉంటే కవాటాన్ని పైకి లాగి కట్టేసి సరిపెడతారు. అక్కడే చిరిగినా, పుట్టుకతోనే ధమని గోడను బలహీనపరిచే మార్ఫాన్ జబ్బులోలా ఉబ్బి ఉన్నా, కవాటంతో సహా మొదలంతా తీసి, గుండె ధమనుల మొదళ్లను బటన్లలా కోసి కొత్త గొట్టానికి అతకాలి. దీన్ని 1968లో ప్రకటించిన హ్యూ బెంటాల్ పేరుతోనే పిలుస్తారు. లోహపు కవాటం పెడితే జీవితాంతం రక్తం గడ్డకట్టనివ్వని ఎసిట్రోమ్ లాంటి మాత్రలు, వాటి మోతాదు సరిచూసుకోవడానికి నెలనెలా పీటీ ఐఎన్ఆర్ రక్తపరీక్షలు. పిల్లలు కనాల్సిన వయసున్న స్త్రీకి అది పెద్ద చిక్కు. టొరంటో సర్జన్ టైరోన్ డేవిడ్ 1992లో వెలువరించిన పద్ధతిలో సొంత కవాటాన్ని ఉంచి, చుట్టూ గోడను మాత్రమే మారుస్తారు. ప్లాన్ చేసి చేసే ఆపరేషన్లలో అది అందమైన పని. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో, చేయి తిరగని సర్జన్ దానికి దిగడం మాత్రం దుస్సాహసమే.

కింది వైపు లెక్క ఇంకా కఠినం. వంపు అడుగు భాగం వరకే ఏటవాలుగా కోసి ఆపితే ఆపరేషన్ చిన్నది. కానీ చిరుగు వంపులోనే ఉంటే, లేదా కింద దొంగ దారి ఉబ్బుతూ ఉంటే, తలకూ చేతులకూ వెళ్లే మూడు కొమ్మలతో సహా వంపంతా మార్చాలి. అప్పుడు కూడా వీపు వైపున్న భాగం ఛాతీ ముందునుంచి అందదు. 1983లో జర్మనీలోని హానోవర్ సర్జన్ హాన్స్ బోర్స్ట్ దీనికి సరళమైన ఉపాయం కనిపెట్టాడు. కొత్త గొట్టం చివర అదనంగా ఒక ముక్క వదిలేసి, దాన్ని కిందికి దిగే బృహద్ధమనిలో వేలాడనిచ్చాడు. కొన్ని వారాల తర్వాత పక్కటెముకల మధ్యనుంచి చేసే రెండో ఆపరేషన్‌లో ఆ ముక్కనే పట్టుకుని కొనసాగించొచ్చు. దానికి "ఏనుగు తొండం" అనే పేరు పడింది. 1990ల్లో జపాన్ సర్జన్లు ఆ వేలాడే ముక్కకు లోపల స్టెంట్ తీగ అమర్చారు. తొండం గట్టిపడి, తెరుచుకుని, అసలు దారిని విప్పి దొంగ దారిని గోడకు అణచడం మొదలైంది. దీన్నే ఇప్పుడు ఫ్రోజెన్ ఎలిఫెంట్ ట్రంక్ అంటున్నారు.

కాగితం మీద ఇది అన్నిటికీ జవాబులా కనిపిస్తుంది. కానీ వెన్నుపాముకు రక్తం అందించే సన్నని కొమ్మలు ఆ దిగే భాగం వెనక గోడలోంచే పుడతాయి. స్టెంట్ వాటిని మూస్తే రోగి బతుకుతాడు గానీ రెండు కాళ్లూ పడిపోవచ్చు. నూటికి కొద్దిమందికే జరిగినా, జరిగినవారికి అది నూటికి నూరు. అందుకే స్టెంట్ భాగం 10 నుంచి 15 సెంటీమీటర్లు మించనివ్వకుండా, ఎనిమిదో ఛాతీ వెన్నుపూస దాటనివ్వకుండా జాగ్రత్తపడతారు. ఎక్కువ చేయగలగడం వేరు, ఈ రాత్రి ఈ రోగికి చేయడం వేరు. 75 ఏళ్ల మనిషికి చిన్న ఆపరేషన్ చేసి ఊరుకోవడం చేతకానితనం కాదు. 35 ఏళ్ల మార్ఫాన్ రోగికి అదే చేస్తే, కొన్నేళ్లలో రెండోసారి ఛాతీ తెరిచే అవకాశం ఎక్కువ.

అరుదైన రకాలు ఈ లెక్కను ఇంకా తారుమారు చేస్తాయి. నూటికి ఒకరికో అంతకంటే తక్కువమందికో కుడి చేతి ధమని ఉండాల్సినచోట మొదలవదు. వంపు చివర్న, ఎడమ చేతి కొమ్మ కూడా దాటాక పుట్టి, అన్నవాహిక వెనకనుంచి కుడివైపుకు వస్తుంది. కొందరిలో దాని మొదలు సంచిలా ఉబ్బి ఉంటుంది. 1936లో దాన్ని వర్ణించిన జర్మన్ రేడియాలజిస్టు కామరెల్ పేరు ఆ ఉబ్బుకు ఉండిపోయింది. మామూలు రోజుల్లో అది ఎవరికీ అడ్డురాదు. మరీ అయితే ముద్ద మింగడం కష్టమవుతుంది. డిసెక్షన్ వచ్చిన రోజు మాత్రం అదే ఉచ్చు. కుడి భుజంలో పెట్టిన గొట్టం మెదడుకు రక్తం పంపుతోందని సర్జన్ అనుకుంటాడు, ఆ ధమనికీ మెడ ధమనికీ సంబంధమే లేదు. సీటీలో ముందే పట్టుకుంటే రెండు మెడ ధమనుల్లోకీ నేరుగా గొట్టాలు పెట్టి, పక్కదారి పట్టిన కొమ్మ మొదలును మూసి, కుడి చేతికి విడిగా బైపాస్ వేస్తారు. పట్టుకోకపోతే మెదడు ఎండిపోతుంది.

ఇంకో రకంలో లోపొర చుట్టూతా తెగి, సాక్సు తిరగేసినట్టు ముడుచుకుపోతుంది. వెనక్కి జారితే కవాటం గుండా గుండెలోకి వెళ్లొస్తూ ఉంటుంది, ముందుకు జారితే తలకు వెళ్లే కొమ్మల నోళ్లను మూసేస్తుంది. మోసం ఏమిటంటే, పొర అక్కడినుంచి జారిపోయింది కనుక పైకి లేచే భాగం సీటీలో ఒక్కోసారి శుభ్రంగా కనిపిస్తుంది. ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) చేసే మనిషి కళ్లే అక్కడ దిక్కు.

పేగులకు రక్తం ఆగిన రోగి మరో సమస్య. ఛాతీలో ఆపరేషన్ గొప్పగా చేసినా పేగు కుళ్లితే రోగి దక్కడు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 1990ల నుంచీ ఇలాంటివారిలో క్రమాన్ని తిరగేసింది. ముందు తొడ ధమని గుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టం పంపి, రెండు దారుల మధ్య పొరకు కిటికీ కోసి, కింది అవయవాలకు రక్తం అందేలా చేస్తారు. రోగి కోలుకున్నాక ఛాతీ తెరుస్తారు. ఆ మధ్యలో ధమని పగిలే ప్రమాదం ఉంది, అందుకే దీన్ని అందరూ ఒప్పుకోరు. కానీ పేగు చచ్చిన మనిషికి పది గంటల ఆపరేషన్ చేయడం కంటే ఇదే సబబు అనిపిస్తుంది.

గర్భిణికి చీలితే రెండు ప్రాణాలు. 28 వారాల లోపైతే బిడ్డను కడుపులో ఉంచే తల్లికి ఆపరేషన్ చేస్తారు. అతి చల్లదనం బిడ్డ తట్టుకోదు కనుక వీలైనంత వెచ్చగా, మిషన్ ప్రవాహం ఎక్కువగా ఉంచుతారు. 32 వారాలు దాటితే ముందు సిజేరియన్, వెంటనే అదే థియేటర్లో బృహద్ధమని. ఆ మధ్య వారాల్లో ఉన్నవారికి పుస్తకం దారి చూపదు, బృందమే తేల్చుకోవాలి.

ఎంత చేయాలన్న ప్రశ్న కంటే ముందు అసలు చేయాలా అన్న ప్రశ్న ఒకటుంది. అది ఈ ఆపరేషన్‌కు దారివేసిన మనిషి మీదే వచ్చి పడింది. 2005 డిసెంబర్ 31న హ్యూస్టన్‌లో 97 ఏళ్ల డిబేకీకి ఇంట్లో ఛాతీ నొప్పి మొదలైంది. అది ఏమై ఉంటుందో ఆయనకు వెంటనే అనుమానం వచ్చింది. సీటీలో తేలింది కూడా అదే. ఆపరేషన్ వద్దన్నారు. వారాలు గడిచేకొద్దీ ధమని ఉబ్బుతూ పోయింది, ఆయన స్పృహ తప్పారు. ఆయన ముందే వద్దని రాసి పెట్టిన కాగితం ఒకవైపు, చేయాల్సిందేనన్న భార్య మరోవైపు. మత్తు డాక్టర్లు చేతులెత్తేశారు. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ రాత్రి పూట సమావేశమై ఒప్పుకున్నాక, దశాబ్దాల సహచరుడు జార్జ్ నూన్ 2006 ఫిబ్రవరిలో ఏడు గంటల ఆపరేషన్ చేశాడు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి, పది లక్షల డాలర్లు దాటిన బిల్లుతో బయటపడిన డిబేకీ, చేసింది సరైన పనే అన్నారు. 2008 జులైలో, నూరేళ్లకు రెండు నెలల ముందు కన్నుమూశారు. ఆ వయసులో, ఆ కాగితం ఉండగా, అంత పేరు లేని మనిషికైతే కమిటీ ఏమనేది? ఊహించడం కష్టమేమీ కాదు.

బతికి బయటపడ్డవారికి మిగిలేది ఆ చీలిన మిగతా భాగం. పై బీపీ 130 దాటకుండా బీటా బ్లాకర్ మాత్రలు, మొదటి ఏడాదిలో రెండు మూడుసార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి సీటీ. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తకూడదు. విరేచనాలకూ మూత్రంలో మంటకూ మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే ఇచ్చేసే సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ వాడకూడదు. బృహద్ధమని బలహీనంగా ఉన్నవారికి వాటివల్ల ముప్పుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. తోబుట్టువులకూ పిల్లలకూ ఒక్కసారైనా ఎకో తీయించాలి. మిగిలిన భాగం 5.5, 6 సెంటీమీటర్ల దాకా ఉబ్బితే మళ్లీ ఆపరేషన్ మాట వస్తుంది. ఆ రెండో సర్జన్ చాలాసార్లు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో ఉంటాడు. తొండం ఎక్కడిదాకా వేలాడుతోంది, గొట్టం ఎన్ని మిల్లీమీటర్లది, మెడ కొమ్మలను ఎలా అతికారు అన్నది ఛాతీ కోయకముందే అతనికి తెలియాలి. చాలా ఇళ్లలో డిశ్చార్జి కాగితాలు పాలిథిన్ కవర్లో భద్రంగానే ఉంటాయి. కనిపించకుండా పోయేది మొదటి రాత్రి తీసిన సీటీ సీడీ, ఆపరేషన్ నోట్.